లెక్కల్లో ముందున్న పాపకి పై తరగతి పుస్తకం ఇవ్వకండి

పాప నాలుగో తరగతి, క్లాసులో ఇచ్చిన లెక్కలు అందరికన్నా ముందే చేసేసి దిక్కులు చూస్తోంది, ఇంట్లో ఆరో తరగతి పుస్తకం మొదలుపెట్టమంటారా అని అడిగారు. వద్దండి. మా వాడిదీ అచ్చం ఇదే వరస. వాడికి ఇంట్లో లెక్కలు చెప్పేది నేనే కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను.

ఆరో తరగతి పుస్తకం ఇస్తే అదీ చకచకా చేసేస్తుంది. తీరా ఆరో తరగతికి వెళ్ళాక అక్కడా దిక్కులే చూస్తుంది. ఇలాంటి పిల్లలకి కావలసింది లొంగని లెక్క. చూడగానే జవాబు తట్టడం అలవాటైపోయిన పిల్లలు, మొదటిసారి తట్టనప్పుడు బెంబేలెత్తిపోతారు. ఆ మొదటిసారి పరీక్షలో ఎదురయ్యే కంటే ఇంట్లో మీ పక్కన కూర్చున్నప్పుడు ఎదురైతేనే మేలు.

మా వాడికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక సున్నా గీసి ఇచ్చాను. దాని అంచు మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ మిగతా అన్ని చుక్కలతో గీతలు గీసి కలపాలి. లోపల ఎన్ని ముక్కలయ్యాయో లెక్కపెట్టాలి. ఒక చుక్కకి 1, రెండిటికి 2, మూడిటికి 4, నాలుగిటికి 8, అయిదిటికి 16. ఆరో చుక్క పెట్టకుండానే "32!" అని పెన్సిల్ పడేశాడు. గీసి చూపించరా అన్నాను. చుక్కలు సమాన దూరాల్లో శ్రద్ధగా పెట్టి గీశాడు. 30 వచ్చాయి. తప్పు లెక్కపెట్టానని మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ 30. చుక్కలు అటూ ఇటూ జరిపి ఇంకో బొమ్మ గీశాడు. ఈసారి 31. ముక్క ముక్కకీ రంగు వేసుకుంటూ లెక్కపెట్టినా 31 దాటలేదు. ముఖం ఎర్రబడింది, కళ్ళనిండా నీళ్ళు. "నువ్వే ఏదో మోసం చేస్తున్నావు" అన్నాడు. నేను నోరు విప్పలేదు. ఇంట్లో లెక్కలు చెప్పేవాళ్ళకి అన్నిటికన్నా కష్టమైన పని అదే.

మర్నాడు వాడంతట వాడే రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. మొదటి దాంట్లో మూడు గీతలు సరిగ్గా నడిమధ్యన ఒకే చోట కలుస్తున్నాయి. రెండో దాంట్లో అవే మూడు గీతల మధ్య గోరంత త్రిభుజం ఉంది. ఆ 31వ ముక్క అదే! అరుచుకుంటూ వచ్చి చూపించాడు. అసలు కిటుకు ఇద్దరం కూర్చుని తేల్చేసరికి చాలా రోజులు పట్టింది. కొత్త గీత గీసినప్పుడల్లా ఒక ముక్క పెరుగుతుంది, అది పాత గీతను దాటిన ప్రతిచోటా ఇంకో ముక్క పెరుగుతుంది. అంటే మొదటి ఒకటికి గీతలన్నీ, అవి దాటుకునే చోట్లన్నీ కలపాలి. ఆరు చుక్కలకి గీతలు 15, దాటుకునే చోట్లు 15, మొత్తం 31. ఏ నాలుగు చుక్కలు తీసుకున్నా దాటుకునే చోటు ఒక్కటే వస్తుందని వాడే కనిపెట్టాడు. ఏడు చుక్కలకి 57 అని గీయకుండానే చెప్పాడు. పది చుక్కలకి మళ్ళీ ఆ రెట్టింపుల వరసలోదే అయిన 256 వస్తుందని తెలిసిన రోజు వాడి సంతోషం చూడాలి.

ఏ తరగతి పుస్తకమూ ఇవ్వనిది వాడికి ఆ సున్నా ఇచ్చింది. నాలుగైదు సార్లు నిజమైనంత మాత్రాన నమ్మేయకూడదని అప్పటినుంచి నేను చెప్పక్కర్లేకపోయింది. ఒక సంఖ్యని దానితోనే గుణించి, దానికి ఆ సంఖ్యనే కలిపి, ఇంకో 41 కలిపితే ప్రధాన సంఖ్య వస్తుందని గణితవేత్త ఆయిలర్ సూత్రం చూపిస్తే, "ఎక్కడ చెడుతుంది?" అన్నదే వాడి మొదటి ప్రశ్న. సున్నా నుంచి 39 దాకా నిలబడుతుంది, 40 దగ్గర 1681, అంటే 41 ఇంటూ 41.

ఇంకో మాట. ఇంటికొచ్చిన వాళ్ళు పిల్లని నిలబెట్టి "17 ఇంటూ 23 ఎంతో చెప్పు" అని అడిగితే దయచేసి ఆపేయండి. గడియారం పెట్టి గుణకారాలు చేయించే పోటీలంటే నాకు ఒళ్ళు మంట. వేగంగా చెప్తేనే తెలివి అని పిల్లల బుర్రకెక్కితే, ఒక లెక్క దగ్గర రెండు రోజులు కూర్చోవడం వాళ్ళకి నామోషీ అయిపోతుంది. అంకెలు మార్చి ఒకే లెక్కని పేజీలకు పేజీలు ఇచ్చే హోంవర్కూ అంతే. వచ్చేసిన లెక్కని ముప్పైసార్లు చేయించడం శిక్ష కాక మరేమిటి?

మీకే లెక్కలు అంతంతమాత్రం, ఎలా చెప్పాలి అని కూడా రాశారు. మీకు జవాబు తెలియకపోవడమే మంచిది, నోరు జారరు. ఈ ఒక్కటి ఇచ్చి చూడండి. ఏదైనా సంఖ్య తీసుకోవాలి. సరి సంఖ్య అయితే సగం చేయాలి, బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలపాలి, వచ్చినదానికి మళ్ళీ అదే చేయాలి. చివరికి ఎప్పుడూ 1కి చేరుతుందా? కొల్లాట్జ్ పేరుతో పిలిచే ఈ ప్రశ్నని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదని పాపకి ముందే చెప్పండి. 26తో మొదలుపెడితే 10 అడుగుల్లో అయిపోతుంది. ఆ తర్వాత 27 ఇవ్వండి. దానికి 111 అడుగులు, మధ్యలో 9232 దాకా ఎగబాకుతుంది. కూడికలు, గుణకారాలు, భాగహారాలు అడక్కుండానే అన్నీ చేసేస్తుంది. మధ్యలో తప్పు చేసినా దిద్దకండి. 9232 దాటి పైకి పోతే మాత్రం, వెనక్కి వెళ్ళి ఎక్కడ దారి తప్పిందో తననే వెతుక్కోమనండి.