నేల కింది డొల్లను రాడార్ ఎంతవరకు పట్టగలదు?

ప్రశ్న: మా భవన సముదాయంలో వాహనాలు నిలిపే చోట నేల జానెడు మేర కుంగింది. జీపీఆర్ (నేల లోపలికి రేడియో తరంగాలు పంపి చూసే రాడార్) యంత్రంతో పరీక్షించినవారు లోపల ఖాళీ ఏమీ లేదని నివేదిక ఇచ్చారు. రెండు నెలలు తిరక్కుండానే అదే చోటు మరింత దిగబడింది. ఈ పరీక్షను నమ్మవచ్చా?

జవాబు: నమ్మవచ్చు, కానీ "ఖాళీ లేదు" అనే మాటకు ముందు "ఇంత లోతు వరకు" అని రాసి ఉందేమో ముందుగా చూడండి. అది రాయని నివేదిక నా దృష్టిలో సగం నివేదికే.

రాడార్ డొల్లను నేరుగా చూడదు. అది నేలలోకి రేడియో తరంగాలను పంపుతుంది. రోధక స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి ఒక పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య) ఒక్కసారిగా మారిన చోట ఆ తరంగాల్లో కొంత భాగం వెనక్కి వస్తుంది. ఈ స్థిరాంకం గాలికి 1, నీటికి సుమారు 80, పొడి ఇసుకకు 3 నుంచి 5 వరకు ఉంటుంది కాబట్టి, మట్టి ముగిసి గాలి మొదలయ్యే చోట ప్రతిధ్వని బలంగానే వస్తుంది. అయితే తరంగం అక్కడిదాకా వెళ్లి, తిరిగి పైకి రాగలగాలి. పొడి ఇసుకలోనూ గట్టి రాతిలోనూ అది చాలా లోతుకు పోతుంది. తడి బంకమట్టి, ఉప్పునీరు మాత్రం విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తాయి కనుక తరంగశక్తి వేడిగా మారిపోయి, ఒక్కోసారి మీటరు దిగకముందే ఆరిపోతుంది. 1929లో ఆస్ట్రియాలో ఒక హిమానీనదం మందాన్ని రేడియో తరంగాలతో కొలవగలిగారంటే, మంచు ఆ తరంగాలను పెద్దగా మింగదు కాబట్టే. మీ నేల బంకమట్టి అయితే అంత ఉదారంగా ఉండదు.

ఎంచుకున్న యాంటెన్నా కూడా లోతును నిర్ణయిస్తుంది. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా అనుకూలమైన నేలలో రెండు మూడు మీటర్ల వరకు స్పష్టంగా చూపుతుంది. 100 మెగాహెర్ట్జ్ అంతకంటే లోతుకు పోతుంది కానీ, తేమ ఉన్న మట్టిలో దాని తరంగదైర్ఘ్యం మీటరు వరకు ఉంటుంది కాబట్టి చిన్న ఖాళీలు దాని కంటికి ఆనవు. 2025 జనవరి 28న జపాన్‌లోని యాషియో నగరంలో రోడ్డు కుంగి ఒక లారీ గోతిలో పడింది. దానికి మూలమైన మురుగుగొట్టం దాదాపు 10 మీటర్ల లోతులో ఉంది. అంత కింద మొదలైన డొల్ల, కప్పు మట్టి రాలుతూ పైకి జరిగి వచ్చేదాకా, రోడ్ల మీద తిప్పే మామూలు రాడార్‌కు దొరకడం కష్టం. మీ చోట కూడా రెండో కుంగుబాటు తరువాత మళ్లీ పరీక్షిస్తే ఫలితం మారవచ్చు.

ప్రశ్న: రాడార్ చిత్రంలో బోర్లించిన విల్లు లాంటి వంపు కనిపిస్తే అది డొల్లేనా?

జవాబు: కానక్కరలేదు. గొట్టం, బండరాయి, ఇనుప కడ్డీ కూడా అలాంటి వంపునే గీస్తాయి. యంత్రం వస్తువుకు సరిగ్గా పైన ఉన్నప్పుడు దూరం తక్కువ, ఇటూ అటూ జరిగేకొద్దీ ఎక్కువ. ఆ తేడాయే వంపు. తేల్చవలసింది ప్రతిధ్వని తరంగం పంపినట్టే వచ్చిందా, తలకిందులుగా వచ్చిందా అన్నదాన్ని బట్టి. స్థిరాంకం 9 ఉన్న మట్టిలోంచి తరంగం గాలిని తాకితే పంపిన తరంగంలో సగం ఎత్తుతో, తలకిందులు కాకుండా తిరిగి వస్తుంది. అదే మట్టిలోంచి నీటిని తాకితే ఇంచుమించు అంతే ఎత్తుతో, కానీ తలకిందులుగా వస్తుంది. లోహపు గొట్టం కూడా తలకిందులుగానే పంపుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఆ మట్టిలో తరంగం నానోసెకనుకు 10 సెంటీమీటర్లు పోతే గాలిలో 30 సెంటీమీటర్లు పోతుంది. 60 సెంటీమీటర్ల ఎత్తున్న డొల్లను అది 4 నానోసెకన్లలో దాటి తిరిగి వస్తుంది. మట్టి వేగంతోనే లెక్క కట్టే చిత్రంలో ఆ డొల్ల 20 సెంటీమీటర్లుగా కనబడుతుంది. అనుభవం లేనివారు దాన్ని చిన్నదని తోసిపుచ్చుతారు.

ప్రశ్న: డొల్ల ఉందని తేలితే వెంటనే సిమెంటు పాలు పోసి నింపేయవచ్చా?

జవాబు: తొందరపడకండి. ముందు అక్కడికి వాహనాలు రాకుండా ఆపి, అనుమానం ఉన్న చోట సన్నని బోరు వేసి కెమెరా దింపి నిర్ధారించుకోవాలి. మట్టి తనంతట తాను మాయం కాదు. ఎక్కడో కారుతున్న నీరు దాన్ని పగిలిన మురుగుగొట్టంలోకి మోసుకుపోతూ ఉండవచ్చు. ఆ పగులును మూయకుండా పోస్తే, సిమెంటు పాలు గొట్టంలోకే దిగి అక్కడ గడ్డకట్టి, మురుగు పారే దారినే మూసేస్తాయి.