పేషెంట్లను లేపలేకపోతుందన్న భయంతో ఆక్యుపేషనల్ థెరపీ మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బయాలజీ చదువుతోంది. ఆక్యుపేషనల్ థెరపీలో (గాయం, జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే వైద్యం) చేరి, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లతో, ఏళ్ల తరబడి నడుంనొప్పితో బాధపడేవాళ్లతో పనిచేస్తానంటోంది. తనేమో బాగా సన్నగా ఉంటుంది. మంచంలో ఉన్న పెద్ద పెద్ద మనుషుల్ని లేపి కూర్చోబెడితే ముందు తన నడుమే పోతుందేమోనని నా టెన్షన్. అయినా ఇది ఫిజియోథెరపీ లాంటిదే కదా, అదే చేయించవచ్చు కదా? – ఒక తల్లి

జవాబు: మీ భయం కొట్టిపారేసేది కాదండీ. పేషెంట్లను చేతులతో ఎత్తే సిబ్బందికి నడుంనొప్పి రావడం మామూలే. అయితే బలం ఉన్నవాళ్లకూ వస్తుంది, ఎందుకంటే ఎత్తకూడని బరువు ఎత్తుతారు. అమెరికాలో పనిచోటు భద్రత మీద పరిశోధనలు చేసే నియోష్ నుంచి 2007లో వచ్చిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా పేషెంటును కదిపే మనిషి మీద సుమారు 16 కిలోలకు మించి బరువు పడకూడదు. 70 కిలోల మనిషి ఒక్క కాలే దాదాపు 11 కిలోలు తూగుతుంది. అంటే పహిల్వాన్ అయినా ఒంటరిగా మనిషిని ఎత్తే పని పెట్టుకోకూడదు. అందుకే జారే షీట్లు, హాయిస్టులు (మనిషిని పట్టీలతో పైకి లేపే యంత్రాలు), ట్రాన్స్‌ఫర్ బోర్డులు (మంచానికీ కుర్చీకీ మధ్య వంతెనలా వేసే పలకలు) వచ్చాయి. వాటిని ఎప్పుడు, ఎవరికి, ఎలా వాడాలో తెలియడమే మీ అమ్మాయి నేర్చుకునే చదువులో ఒక భాగం.

కాళ్లు చచ్చుబడిన మనిషి మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మారడం ఒకసారి చూడండి. కుర్చీని మంచానికి కాస్త ఏటవాలుగా ఆనిస్తారు. బ్రేకులు వేస్తారు. మంచంవైపు చేతిపట్టె తీసేస్తారు, కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకు తిప్పుతారు. తొడ కింద బోర్డు దూర్చాక పేషెంటు ముందుకు వంగి, తలను కుర్చీకి ఎదురు దిక్కుకు తిప్పుతూ చేతులతో నొక్కుతాడు. తల అటు పోతే పిరుదులు ఇటు లేస్తాయి. థెరపిస్టు చెయ్యి పడిపోకుండా కాపు కాయడానికే. ఒంటిని ఈడ్చకూడదు. స్పర్శ లేనిచోట చర్మం ఒరుసుకుపోయినా అతనికి తెలియదు, ఆ పుండు మానడానికి నెలలు పట్టవచ్చు.

ఇక ఫిజియో సంగతి. రెండూ చాలాచోట్ల కలుస్తాయి, ఒకే వార్డులో పక్కపక్కనే పనిచేస్తారు. మోటుగా చెప్పాలంటే ఫిజియో కండరం, కీలు, నడక దగ్గర మొదలుపెడుతుంది. ఆక్యుపేషనల్ థెరపీ ఆ మనిషి ఆ రోజు చేసుకోవాల్సిన పని దగ్గర మొదలుపెడుతుంది. స్నానం, బట్టలు, టాయిలెట్, వంట, ఉద్యోగం. వెన్నెముక ఆపరేషన్ అయి కొన్నాళ్లు వంగొద్దు, మెలితిరగొద్దు, బరువులెత్తొద్దు అన్నారనుకోండి. మరి ప్యాంటు ఎలా వేసుకోవాలి? మంచం ఎలా దిగాలి? భుజాలు, నడుము కలిపి ఒకే దుంగలా పక్కకు దొర్లి, కాళ్లు కిందికి జారుస్తూ చేతులతో లేవడం నేర్పేది, ప్యాంటు అందుకోవడానికి పొడవాటి పట్టుకర్ర వాడకం నేర్పేది సాధారణంగా ఈ థెరపిస్టే.

నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే ముచ్చటేసేది మరొకటుంది. మెడలో ఆరో స్థాయి దగ్గర (మెడలో, వీపులో విడివిడిగా పైనుంచి కిందికి లెక్కపెడతారు) వెన్నుపాము దెబ్బతింటే వేళ్లు కదలవు గాని, చాలామందిలో మణికట్టు పైకి లేస్తుంది. మణికట్టు లేపినప్పుడు వేళ్ల స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) బిగిసి బొటనవేలు చూపుడువేలికి ఆనుతుంది. ఆ చిన్న పట్టుతో స్పూను పట్టుకోవచ్చు, కార్డు తీయవచ్చు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మణికట్టు లేపి ఉంచి వేళ్లన్నీ తిన్నగా సాగదీశారంటే ఆ బిగువు కాస్తా పోతుంది. ఏది సాగదీయకూడదో తెలియడం కూడా చికిత్సే.

నొప్పితో వచ్చేవాళ్ల కథ వేరు. నొప్పి తగ్గిన రోజు పేరుకుపోయిన పనులన్నీ ఒక్కసారే చేసేస్తారు, మర్నాటి నుంచి మంచమెక్కుతారు. నొప్పి వచ్చాక ఆగడం కాకుండా, గడియారం చూసి ముందే ఆగడం అలవాటు చేయాలి. స్కాన్‌లో పెద్దగా ఏమీ కనబడలేదని నొప్పి అబద్ధమైపోదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనానికి జోడించిన వివరణల్లో కూడా, మనిషి తనకు నొప్పి ఉందంటే ఆ మాటను గౌరవించాలని చేర్చింది.

కష్టాలు కూడా అమ్మాయికి చెప్పండి. మలమూత్రాల గురించి, దాంపత్యం గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. గాయమైన కొత్తలో పేషెంటు కోపమంతా ఎదురుగా ఉన్నవాళ్ల మీదే చూపిస్తాడు. వీపులో ఆరో స్థాయి దగ్గరో, అంతకు పైనో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు మూత్రాశయం నిండిపోవడం వల్ల కూడా బీపీ ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. తలపోటు, చెమటలు కనిపించగానే వ్యాయామం ఆపి కూర్చోబెట్టడం, బిగుతు బట్టలు వదులు చేయడం, క్యాథెటర్ (మూత్రం బయటికి పోయే గొట్టం) మెలిపడిందేమో చూడటం, డాక్టరును పిలవడం, ఇవన్నీ క్షణాల్లో జరగాలి.

నన్నడిగితే ఒంటి బలం కంటే ముందు చూడాల్సింది ఓపిక. ఒకాయన చొక్కా తొడుక్కోవడానికి అరగంట పడుతుంటే, మనకు చెయ్యి దురదపెడుతున్నా సాయం చేయకుండా పక్కన నిలబడగలగాలి. అందుకే చేరేముందు, అనుమతి తీసుకుని కొన్ని రోజులు రిహాబిలిటేషన్ వార్డు చూసి రమ్మనండి. "ఆ థెరపిస్టు ఊరికే చూస్తూ నిలబడింది" అని మొదటిరోజు విసుక్కుంటే పర్వాలేదు. చివరి రోజు కూడా అదే మాటంటే ఇంకోసారి ఆలోచించుకోవాలి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఆ కోర్సుకు ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఆమోదం ఉందా అని అడగండి. ఆ ప్రమాణాల ప్రకారం విద్యార్థి కనీసం 1,000 గంటలు క్షేత్రస్థాయిలో పనిచేయాలి. ఆ గంటల్లో వెన్నుపాము వార్డు పోస్టింగ్ ఎంతకాలం ఉంటుందో, హాయిస్టు మీద నిజంగా చేయించి నేర్పుతారో లేక ఫొటోలో చూపించి వదిలేస్తారో సీనియర్ విద్యార్థులనే అడగండి. ఆఫీసులో చెప్పే జవాబు కంటే వాళ్ల జవాబు నమ్మొచ్చు.