బొమ్మను పెద్దది చేయడానికి అప్పు అవసరమా?

ప్రశ్న: మాది తిరుపతి. నా వయసు 26. ట్యాబ్ మీద దేవుడి బొమ్మలు, పెళ్లి జంటల క్యారికేచర్లు గీసి అమ్ముతుంటాను. ఒక నెల 12 వేలు వస్తే ఇంకో నెల 30 వేలు వస్తాయి. గాంధీ రోడ్డులో ఫ్రేముల షాపు నడిపే ఆయన నా బొమ్మలు పది, 24 బై 36 అంగుళాల సైజులో కావాలన్నారు. ఖర్చులు పోను ఒక్కో ప్రింటుకు నాకు 600 మిగులుతుంది. కానీ నా ఫైళ్లు 2400 బై 3600 పిక్సెల్సే. ఒకటి వేయించి చూస్తే మసకగా వచ్చింది. బొమ్మను నాణ్యత పోకుండా పెద్దది చేసే ఏఐ సాఫ్ట్‌వేర్ చూశాను. డాలర్లలో ఉన్న ధరను లెక్కేస్తే, పన్ను కాకుండా ఏడాదికి దాదాపు 15 వేలు. క్రెడిట్ కార్డు మీద తీసుకోవచ్చా? తమ్ముడేమో 85 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ ఈఎంఐలో కొనమంటున్నాడు. నాన్న 5 వేల చీటీ పాట పాడేద్దామంటున్నారు. ఫొటోషాప్ చందా ఇప్పటికే నెలనెలా కడుతున్నాను.

జవాబు: ముందు ఒక మాట అడుగుతాను. ఆ మసకగా వచ్చిన ప్రింటు కోసం ఫైలును షాపుకి ఎలా పంపారు? వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపి ఉంటే తప్పు మీ బొమ్మది కాకపోవచ్చు. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. మీరు గీసిన పిక్సెల్స్‌లో చాలావరకు దారిలోనే పోతాయి. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నేరుగా ఇస్తే ఇంకా మంచిది. 15 వేల గురించి ఆలోచించే ముందు ఈ ఒక్కటీ సరిచూసుకోండి.

ఇప్పుడు అసలు అవసరం ఎంతో చూద్దాం. మీ ఫైలును 24 బై 36లో వేస్తే అంగుళానికి 100 పిక్సెల్స్ వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ఫొటోకో శుభలేఖకో 300 కావాలి. గోడకు తగిలించి నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే ఫ్రేముకు 150 నుంచి 200 ఉంటే చాలు. 200 అనుకుంటే ఫైలు 4800 బై 7200 ఉండాలి. అంటే పొడవు, వెడల్పు సరిగ్గా రెండింతలు. మార్కెట్లో నాలుగింతలు, ఎనిమిదింతలు అని ఊరించే సాఫ్ట్‌వేర్లకు మీరు డబ్బు కట్టబోతున్నారు. మీకు కావలసింది రెండింతలే.

ఆ రెండింతలు మీరు ఇప్పటికే కడుతున్న చందాలోనే ఉంది. ఫొటోషాప్‌తో పాటు వచ్చే కెమెరా రా లో 2021 నుంచి సూపర్ రిజల్యూషన్ అనే సదుపాయం ఉంది. అది చేసే పని కూడా ఇదే, పొడవు వెడల్పులను రెండింతలు చేయడం. మీ బొమ్మను టిఫ్ (TIFF) అనే రకం ఫైలుగా సేవ్ చేసి, కెమెరా రా లో తెరిచి, సూపర్ రిజల్యూషన్ ఎంచుకుంటే చాలు. మీ లేఖ చదువుతున్నప్పుడు నాకు చాలా బాధనిపించింది కూడా ఇక్కడే. నెలనెలా డబ్బు కట్టే వస్తువులో ఏముందో చూసుకునే తీరిక లేక, అదే పనికి ఇంకో చందా కట్టే పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు.

ఇది ఫొటోలను దృష్టిలో పెట్టుకుని చేసింది కాబట్టి గీతలు, చదునైన రంగులు ఎక్కువగా ఉండే క్యారికేచర్లకు వేరేవి కూడా ప్రయత్నించండి. అప్‌స్కేయిల్ (Upscayl) అనే సాఫ్ట్‌వేర్ డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితం. మీ కంప్యూటర్లోనే పనిచేస్తుంది. అందులో డిజిటల్ ఆర్ట్ కోసం విడిగా ఒక మోడల్ కూడా ఉంది. వల్కన్ అనే గ్రాఫిక్స్ ప్రమాణంతో పనిచేసే గ్రాఫిక్స్ కార్డు కావాలి. మామూలు ల్యాప్‌టాప్‌లలో చాలాసార్లు మొరాయిస్తుంది. తమ్ముడి స్నేహితుల్లో ఎవరి దగ్గరో గేమింగ్ ల్యాప్‌టాప్ ఉండే ఉంటుంది. ఒక పూట అడిగి తీసుకుంటే పది బొమ్మల పని అయిపోతుంది. కార్టూన్ తరహా గీతల కోసం 2015లోనే వచ్చిన వైఫు2ఎక్స్ కూడా ఉచితమే. ఒక జాగ్రత్త: ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసిపెడతామనే సైట్లలో పెళ్లివాళ్ల ఫొటోలు మాత్రం ఎక్కించకండి. నమ్మి మీకిచ్చిన ఫొటోలవి.

ఏది బాగుందో స్క్రీన్ మీద చూసి తేల్చుకోవద్దు. స్వామివారి బొమ్మలో కళ్లు, నామం, మెడలోని ముత్యాల హారం ఉన్న చోటు చూసుకుని, పెద్ద చేసిన ఫైలులోంచి 1600 బై 2000 పిక్సెల్స్ ముక్క కత్తిరించండి. 200 లెక్కన అది 8 బై 10 అంగుళాలు, ఏ4 కాగితంలో పడుతుంది. మామూలుగా సైజు పెంచింది ఒకటి, సూపర్ రిజల్యూషన్‌ది ఒకటి, అప్‌స్కేయిల్‌ది ఒకటి, మూడూ వేయించి గోడకు అంటించి దూరం నుంచి చూడండి. తర్వాత దగ్గరికెళ్లి ముత్యాలు చూడండి. ఏఐ లేని వివరాన్ని ఊహించి నింపుతుంది. విడివిడిగా ఉండాల్సిన ముత్యాలు ఒక్కోసారి అతుక్కుని గొలుసులా మారతాయి. చీర అంచులో మీరు వేయని డిజైన్ పుడుతుంది. కనుపాప అంచు అతిగా పదునెక్కి చూపే మారిపోతుంది. దేవుడి బొమ్మలో చూపు మారితే ఆ బొమ్మ ఇక మీది కాదు. తెలుగు అక్షరాలైతే వత్తులు, గుడులు చెదిరిపోతాయి. అందుకే పేర్లు, శ్లోకాలు ఉన్న లేయర్ (బొమ్మలోని విడి పొర) ఆపేసి బొమ్మను మాత్రమే పెద్ద చేయండి. అక్షరాలు ఆ తర్వాత కొత్తగా టైప్ చేసి పెట్టుకోండి.

ఇంత చేశాక కూడా డబ్బు కట్టే సాఫ్ట్‌వేరే బాగుందని మీ కంటికి తేలితే అప్పుడు దాని ఖరీదు సరిగ్గా వేసుకుందాం. 15 వేల మీద 18 శాతం జీఎస్టీ 2,700. మొత్తం 17,700. డాలర్లలో కడితే చాలా క్రెడిట్ కార్డులు మూడున్నర శాతం దాకా విదేశీ మారకపు రుసుము వేస్తాయి, దాని మీద మళ్లీ జీఎస్టీ. అది ఇంకో 730. అంటే మీ చేతి నుంచి పోయేది దాదాపు 18,430. ప్రింటుకు 600 లెక్కన 31 ప్రింట్లు అమ్మితే గానీ ఆ డబ్బు తిరిగి రాదు. మీ చేతిలో ఉన్న ఆర్డరు పది. కార్డు బిల్లు పూర్తిగా కట్టలేక కనీస మొత్తంతో సరిపెడితే, నెలకు మూడున్నర శాతం వడ్డీ చొప్పున మొదటి నెలే 645 రూపాయలు. ఒక ప్రింటు మిగులు మొత్తం వడ్డీకే సరి.

కాబట్టి కొంటే ఆర్డరు అడ్వాన్సుతోనే కొనండి. ఒక్క నెలకు తీసుకునే వీలుంటే ఒక్క నెలకే తీసుకుని, పది బొమ్మలూ ఒకేసారి చేసుకుని ఆపేయండి. ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. నెలవారీ ప్లాన్ వేరు, ఏడాది ఒప్పందాన్ని నెలనెలా కట్టడం వేరు. రెండోదాన్ని మధ్యలో మానేస్తే రుసుము పడవచ్చు. బొమ్మలను పెద్దవి చేసే టోపజ్ గిగాపిక్సెల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఒకప్పుడు ఒక్కసారి కడితే సొంతమయ్యేవి. 2025లో అదీ చందా బాట పట్టింది. కార్డు నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ముందు బ్యాంకు 24 గంటల ముందే మెసేజ్ పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన. 15 వేల లోపు మొత్తాలకు ఓటీపీ అడగకుండానే డబ్బు వెళ్లిపోతుంది. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని చెరిపేయకండి. అక్కర్లేని మాండేట్‌ను, అంటే అలా డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని, బ్యాంకు ద్వారా అప్పుడే రద్దు చేసుకోండి.

ల్యాప్‌టాప్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, వద్దు. 12 వేలు వచ్చిన నెలలో కూడా ఈఎంఐ తేదీ ఆగదు. ‘నో కాస్ట్’ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ భాగం మీద జీఎస్టీ ఉంటుంది. పది బొమ్మల కోసం 85 వేల అప్పు నెత్తిన పెట్టుకోవడం సబబు కాదు. తమ్ముడు మీ మంచి కోరే చెప్పాడు, కానీ ఆ ల్యాప్‌టాప్ మీద ఆటలు ఎవరు ఆడతారో కూడా ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి.

ఫ్రేముల షాపు ఆయనతో రెండు విషయాలు ఇప్పుడే తేల్చుకోండి. పెద్ద సైజు ఫైలు తయారీకి విడిగా ఎంతో కొంత తీసుకోండి. దానికి మీ సమయం పడుతుంది, టెస్ట్ ప్రింట్ల ఖర్చూ ఉంటుంది. రెండోది, ఇంటర్నెట్‌లో దొరికిన పాత క్యాలెండర్ బొమ్మను పెద్దది చేసివ్వమని అడిగితే ఒప్పుకోకండి. చిత్రకారుడు పోయిన తర్వాత కూడా 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. కేసు పడితే ఆ ఫైలు చేసిచ్చిన మీ పేరు కూడా బయటికొస్తుంది.

ఇకమీదట గీసేవి మొదటే 4800 బై 7200 కాన్వాస్ మీద మొదలుపెట్టండి. ట్యాబ్‌లో లేయర్లు తగ్గుతాయి, కాస్త ఇబ్బందే. అయిపోయిన లేయర్లను కలుపుకుంటూ పోతే సర్దుకుంటుంది. ఈసారి బ్రహ్మోత్సవాల ముందు ఆర్డర్లు పెరిగితే అప్పటికి మీ కొత్త బొమ్మలకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

చీటీ సంగతి నాన్నగారికి ఇలా చెప్పండి. ఇప్పుడు తొందరపడి పాట పాడితే తగ్గింపు పోను తక్కువే చేతికొస్తుంది, నెల వాయిదా మాత్రం చివరిదాకా కట్టాల్సిందే. అది ఇంట్లో ఆసుపత్రి ఖర్చు లాంటిది వస్తే పాడాల్సిన పాట. మీకు అత్యవసర నిధి ఉన్నట్టు లేఖలో ఎక్కడా లేదు. ఈ పది ప్రింట్ల మీద మిగిలే ఆరు వేలను విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి. 30 వేలు వచ్చిన నెలల్లో అందులోకి ఇంకో ఐదారు వేలు చేర్చండి. 12 వేల నెలలు మూడు వరుసగా వచ్చినా ఇల్లు గడిచేంత ఆ ఖాతాలో చేరాక, అప్పటికీ పెద్ద సైజు ఆర్డర్లు వస్తూనే ఉంటే, ల్యాప్‌టాప్ గురించి నాకు మళ్లీ రాయండి. అప్పుడు మనం అంకెలు వేరేగా వేసుకుందాం.