స్టేషన్ మాస్టర్ కుర్చీ నుంచి డీఆర్‌ఎం కుర్చీ దాకా

ప్రశ్న: మాది విశాఖపట్నం, కంచరపాలెం. మా అమ్మాయికి 24 ఏళ్లు, బీటెక్ మెకానికల్. రైల్వే ఉద్యోగాల పరీక్ష ఎన్‌టీపీసీలో స్టేషన్ మాస్టర్‌గా ఎంపికైంది. ఎప్పటికైనా డీఆర్‌ఎంగా, అంటే రైల్వే డివిజన్‌కు అధిపతిగా చూడాలని నా కోరిక. ఇందులో చేరితే అంత పైకి వెళ్లగలదా? మానేసి పెద్ద పరీక్షకే చదివించాలా? కొత్త రైల్వే జోన్ ఇక్కడికే వస్తోంది కనుక మా దగ్గరే ఉంటుందా?

జవాబు: ముందు చేరమనండి. జీతాల పట్టికలో లెవెల్ 6, మూలవేతనం 35,400. మానేయమని సలహా ఇచ్చే బంధువులెవరూ ఆ జీతం ఇవ్వరు.

డీఆర్‌ఎం సంగతికి వస్తే, వయసు లెక్క వేసుకోవాలి. స్టేషన్ మాస్టర్ గ్రూప్ బి అధికారి, అంటే అసిస్టెంట్ ఆపరేషన్స్ మేనేజర్ కావడానికి రెండు తలుపులున్నాయి. 70 శాతం ఖాళీలు సీనియారిటీని బట్టి పిలిచే ఎంపికకు, 30 శాతం ఎల్‌డీసీఈ అనే శాఖాపరమైన పోటీ పరీక్షకు. చురుకైనవారికి రెండోది దగ్గరిదారి, దానికీ కొన్నేళ్ల సర్వీసు కావాలి. ఆ తరువాత గ్రూప్ ఎ, సీనియర్ స్కేలు, డివిజన్‌లో రైళ్ల నిర్వహణ చూసే సీనియర్ డీఓఎం స్థాయి... డీఆర్‌ఎం ఇంకా పైన. అరవైకి పదవీ విరమణ. మెట్లు ఉన్నాయి, ఎక్కడానికి ఏళ్లే చాలవు.

అందుకే ఉద్యోగం చేస్తూనే, పైఅధికారుల అనుమతితో, నేరుగా గ్రూప్ ఎ అధికారిగా చేర్చే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష రాయించండి. 2019లో ఎనిమిది రైల్వే సర్వీసులను ఐఆర్‌ఎంఎస్ అనే ఒకే అధికారుల సర్వీసుగా కలిపేశాక కొంతకాలం ఇంజినీర్లు కూడా సివిల్స్ ద్వారానే రావలసి వచ్చింది. 2024లో ఇంజినీరింగ్ సర్వీసెస్ తలుపు మళ్లీ తెరిచారు. ప్రిలిమ్స్ 500, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200 మార్కులు. సాధారణ వయోపరిమితి 30. చేతిలో ఆరేళ్లున్నాయి.

పోస్టింగ్ బొర్రా, శిమిలిగుడ వైపు పడితే బెంగపడకండి. ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు రైళ్లు కిరండూల్ నుంచి ఘాట్ దిగి పోర్టుకు వచ్చే మార్గమది. అక్కడ రాత్రి డ్యూటీలు చేసిన మనిషికి రైలు నడపడమంటే ఏమిటో ఎవరూ పుస్తకంలో చూపించనక్కరలేదు. ఎల్‌డీసీఈకి కూడా ఆ అనుభవమే పెట్టుబడి.

ఇక జోన్. ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన మాట నిజమే. కానీ గ్రూప్ ఎ అధికారిని దేశంలో ఎక్కడికైనా బదిలీ చేస్తారు. స్టేషన్ మాస్టర్‌గా ఉంటే సాధారణంగా డివిజన్ పరిధిలోనే తిరుగుతుంది, డీఆర్‌ఎం కావాలంటే పెట్టె సర్దుకోవాలి. మీ కోరికలు రెండూ ఒకదానికొకటి ఎదురు నడుస్తున్నాయి. ఏది కావాలో అమ్మాయినే అడగండి. మీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ కనిపించలేదు.