కమ్మలు తీసేస్తేనే రక్షణా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పుట్టింటివారు లూథరన్ సంఘస్థులు. పెళ్లయి మూడేళ్లయింది. అత్తవారి సంఘంలో ఆడవాళ్లు నగలు, పూలు పెట్టుకోరు. కమ్మలు తీస్తేనే ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి రావాలని పాస్టరుగారు, తీయకపోతే రక్షణే లేదని అత్తయ్యగారు అంటే తీసేశాను. పుట్టింటికి వెళ్లినప్పుడు పెట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు బస్సులోనే తీసి పర్సులో వేసుకుంటాను. చెవి రంధ్రాలు పూడకుండా రాత్రిళ్లు వేపపుల్లలు పెట్టుకుంటున్నాను. మావారు ఏమీ మాట్లాడరు. నేను చేస్తున్నది పాపమా?

జవాబు: అమ్మా, ఆ వేపపుల్లల మాట చదివి మనసు చివుక్కుమంది.

కమ్మలు పెట్టుకోవడం పాపం కాదు. అత్తయ్యగారు చూపే వాక్యం బహుశా బైబిల్లో, యేసు శిష్యుడైన పేతురు రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలోది అయి ఉంటుంది. అందులో బంగారు నగలతో పాటు జడలు అల్లుకోవడం, వస్త్రాలు ధరించడం కూడా ఉన్నాయి. జడను, చీరను వదిలేసి కమ్మల మీదే పడటం ఏం న్యాయం? పైపై అలంకారం కన్నా సాధువైన, మృదువైన గుణం విలువైనదని పేతురు అంటున్నాడు. నగ తీయడం రక్షణకు షరతని ఎక్కడా అనలేదు.

అయితే బస్సులో మీరు చేస్తున్న పని గురించి చెప్పక తప్పదు. ఆ పేతురే అంతియొకయ పట్టణంలో అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోంచేసేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరి నుంచి కొందరు రాగానే, సున్నతి పొందినవారికి, అంటే యూదులకు, భయపడి వెనక్కి తగ్గాడు. మరో అపొస్తలుడు పౌలు ఆయన్ని అందరి ఎదుటే నిలదీశాడు. ఆనాడు పేతురును పట్టుకున్న భయమే మీ పర్సులోనూ ఉంది.

మరి తీయాలా, పెట్టుకోవాలా? పౌలు రెండూ చేశాడు. ఆ ప్రాంతపు యూదులను బట్టి తన సహచరుడు తిమోతికి సున్నతి చేయించాడు. మరో సహచరుడు తీతు విషయంలో మాత్రం కొందరు అదే సున్నతిని కాడిలా మెడకెత్తబోతే గడియసేపు కూడా లొంగలేదు. అత్తయ్యగారు ‘నలుగురిలో నాకు ఇబ్బందిగా ఉంది, ఆదివారం తీసి రామ్మా’ అంటే సంతోషంగా తీయండి. స్వాతంత్ర్యానికే పిలవబడ్డారని చెప్పిన గలతీ పత్రిక 5వ అధ్యాయమే, ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండమని కూడా చెబుతోంది. ‘తీయకపోతే నరకమే’ అంటే మాత్రం తల ఊపకండి. సిలువ చాలదు, మీ కమ్మలు కూడా కావాలని ఒప్పుకున్నట్టవుతుంది.

ఆత్మానుసారంగా నడవడమంటే ఏమిటో అదే అధ్యాయంలో ఉంది. ఆత్మ ఫలం కింద చెప్పిన తొమ్మిదింటిలో నగల ఊసు లేదు. దీర్ఘశాంతం, సాత్వికం ఉన్నాయి. అత్తగారితో ఒకే వంటింట్లో మెలిగే మీకు ఆ రెండింటితోనే రోజూ పని. కమ్మలు పెట్టుకుని ఆవిడను చాదస్తురాలిగా చూశారా, అదీ తప్పే. తినేవాడు తిననివాణ్ణి చులకన చేయకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు అని రోమా పత్రిక 14వ అధ్యాయం ఇద్దరికీ కలిపే చెప్పింది.

పాస్టరుగారి దగ్గరికి ఇప్పుడే వెళ్లకండి. ముందు మీవారిని కూర్చోబెట్టి ఈ వేపపుల్లల సంగతి చెప్పండి, బహుశా ఆయనకు తెలియదు. తర్వాత అత్తయ్యగారిని, ఆవిడ తన నగలు ఎప్పుడు, ఎలా తీశారో అడగండి. వాదించకుండా పూర్తిగా వినండి. అన్నట్టు, పుట్టింటివారు పెట్టిన బంగారం మీది, తీసినా మీ దగ్గరే ఉంచుకోండి.

ఈసారి ఊరి నుంచి వచ్చేటప్పుడు మాత్రం బస్సులో చెవులు తడుముకోకండి. పెట్టుకుంటే పెట్టుకునే ఇంట్లోకి రండి. అంత ధైర్యం ఇంకా రాకపోతే పుట్టింట్లోనూ పెట్టుకోకండి.