ఇంగ్లీషు పాఠం అర్థం కాని అమ్మాయి ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా అమ్మాయి పదో తరగతి వరకు ఒడియా మీడియంలో మంచి మార్కులతో చదివింది. ప్లస్ టూ సైన్సును ఇంగ్లీషులో బట్టీపట్టి గట్టెక్కింది. ఇప్పుడు ప్లస్ త్రీ (డిగ్రీ) ఫిజిక్స్ ఆనర్స్‌లో పాఠాలు అర్థం కావడం లేదని బాధపడుతోంది. ఆర్ట్స్‌లోకి మార్చమంటారా, శ్రీకాకుళం కాలేజీలో చేర్చమంటారా?
– ఒక తండ్రి

జవాబు: రెండూ వద్దండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2021-22 నుంచి డిగ్రీ చదువులు ఇంగ్లీషు మాధ్యమంలోకే మారాయి. పైగా మీ అమ్మాయి సైన్సు నేర్చుకున్నది ఒడియాలో కనుక, తెలుగు పాఠ్యపుస్తకమైనా ఆమెకు కొత్తగానే ఉంటుంది.

ఆమె తెలివిని దయచేసి శంకించకండి. లెక్చరర్ చెప్పిన వాక్యాన్ని మనసులో విప్పుకొనేలోగా బోర్డు మీద డెరివేషన్ నాలుగు మెట్లు దాటిపోతుంది, ఆ తర్వాత నోట్సు దించుకోవడమే మిగులుతుంది.

ముందు లోపం భాషలో ఉందో, సబ్జెక్టులో ఉందో తేల్చుకోవాలి. గుణుపురం రైలు మీ స్టేషన్లో కదలగానే నిలబడ్డవాళ్లు వెనక్కి ఎందుకు తూలుతారో తెలుగులోనో ఒడియాలోనో మీకు వివరించమనండి. శరీరం ఉన్నచోటే ఉండబోతుంటే రైలు పాదాలను ముందుకు లాగుతుందని చక్కగా చెప్పగలిగితే ఆమెకు ఫిజిక్స్ వచ్చినట్లే. అదే సంగతిని పుస్తకం మూసి, నాలుగు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో సొంతంగా రాయడం రోజూ అలవాటు చేయాలి. తెలుగులోనూ చెప్పలేకపోతే ప్లస్ టూ పుస్తకం మళ్లీ తెరవాలి, ఎందుకంటే బట్టీపట్టిన పునాది మీద ఆనర్స్ నిలవదు. క్లాసుకు వెళ్లేముందు ఆనాటి పాఠాన్ని ఒకసారి చదువుకొని వెళ్తే, వినేటప్పుడు బరువు సగం తగ్గుతుంది.

ఈ కష్టం మీ ఇంటిది మాత్రమే కాదు. నీట్, జేఈఈ మెయిన్ పరీక్షలను తెలుగులోనూ ఒడియాలోనూ రాయనిస్తున్న మన వ్యవస్థ, సీటు వచ్చిన మర్నాటి నుంచి దాదాపు అంతటా ఇంగ్లీషులోనే బోధిస్తోంది. ఇది అన్యాయమని నా దృఢాభిప్రాయం. మన భాషల్లో పై చదువులు సాగవనే వాదన కూడా నిలవదు, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దశాబ్దాలపాటు ఉర్దూలోనే బోధించింది.

కఠినమైన ఘట్టాలను ఒడియాలో మరొకసారి వివరించమని అమ్మాయి లెక్చరర్‌ను అడగడానికి జంకకూడదు. ఒంటరిగా అడగలేకపోతే ఒడియా మీడియం నుంచి వచ్చిన స్నేహితులతో కలిసి, సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడకముందే వెళ్లమనండి.