దేవుని మాటే చెప్పాను, చెల్లి దూరమైపోయింది

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. నాకు నలభై నాలుగేళ్ళు, ఇంట్లోనే మిషన్ కుడతాను. మా సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని. మా చర్చిలోనే నాకు సొంత చెల్లెలి లాంటి అమ్మాయి ఉంది. పెళ్ళయిన ఆరేళ్ళకి కడుపు పండింది. ఎనిమిదో నెలలో బిడ్డ కదలడం లేదని ఒంగోలు తీసుకెళ్తే, అప్పటికే గుండె ఆగిపోయిందన్నారు. ఆడపిల్ల. నేను ఆస్పత్రికి వెళ్ళి, "ఏడవకమ్మా, దేవుడు తప్పు చేయడు, ఇంతకంటే శ్రేష్ఠమైనది ఇస్తాడు" అని ధైర్యం చెప్పాను. మూడు వారాల తర్వాత బుధవారం స్త్రీల కూడికలో, తను విశ్వాసంలో బలపడాలని పేరు పెట్టి ప్రార్థన చేయించాను. ఆ రోజు తను వచ్చి వెనక కూర్చుందని నేను చూసుకోలేదు. మధ్యలో లేచి వెళ్ళిపోయింది. నాలుగు నెలలైంది, మందిరానికి రావడం లేదు. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో వాక్యం పంపుతున్నాను. చూస్తుంది కానీ జవాబివ్వదు. నేను చెప్పింది దేవుని మాటే కదా? ఆదరించడం కూడా తప్పేనా? తనను తిరిగి సంఘంలోకి ఎలా తీసుకురావాలి?

ఇంకొక మాట. ఆ బిడ్డ కోసం నాలుగు జుబ్బాలు కుట్టాను. పుట్టకముందే కుట్టకూడదంటారు, మనకు అలాంటి పట్టింపులు లేవు కదా అని కుట్టాను. అవి నా బీరువాలోనే ఉన్నాయి. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "ఇంకొక మాట" అన్నచోటి దాకా రాసింది స్త్రీల సమాజం కార్యదర్శి గారు. అక్కడి నుంచి రాసింది మాత్రం ఇంకెవరో. ఆ బిడ్డ కోసం ఎదురుచూసిన మనిషి, బీరువా తలుపు తీసినప్పుడల్లా చూపు పక్కకి తిప్పుకుంటున్న మనిషి. నాకు ఈ రెండో మనిషితోనే పని. మీ చెల్లి కూడా ఇన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నది ఈమె కోసమేనేమో అనిపిస్తోంది.

ముందు జుబ్బాల భయం తీర్చనివ్వండి. మీరు అడగలేదు కానీ మీ వాక్యంలో అది ఉంది. ముందే బట్టలు కుట్టడం వల్ల ఏ బిడ్డా చనిపోదు. ఎనిమిదో నెలలో కడుపులో బిడ్డ పోవడానికి మాయ సరిగా పనిచేయకపోవడం, తల్లికి బీపీ, షుగర్, ఇన్‌ఫెక్షన్లు, ఇలా ఎన్నో కారణాలుంటాయి. అన్ని పరీక్షలూ చేశాక కూడా కారణం తేలనివి చాలా ఉంటాయి. మీ కుట్టుమిషన్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇది మీకు తెలుసు. తెలిసినా నాలుగు నెలలుగా అది మీ లోపల కదులుతూనే ఉంది. అలాంటప్పుడు తొమ్మిది నెలలు మోయాలనుకున్న తల్లి లోపల ఎన్ని కదులుతుంటాయో చూడండి. బండి మీద వెళ్ళినందుకా, ఆ రోజు బిందె ఎత్తినందుకా, కదలిక తగ్గిందని ఒక పూట ఆలస్యంగా చెప్పినందుకా?

అలా తనను తాను తవ్వుకుంటున్న మనిషికి మీరు "ఇంతకంటే శ్రేష్ఠమైనది" అన్నారు. మీ ఉద్దేశం మంచిదే. ఆమె చెవికి మాత్రం, పోయిన బిడ్డ అంత శ్రేష్ఠమైనది కాదన్నట్టు వినిపించి ఉంటుంది. తర్వాత "విశ్వాసంలో బలపడాలి" అన్నారు. అంటే విశ్వాసం చాలలేదనీ, చాలితే బిడ్డ బతికేదేమోననీ వినిపించి ఉంటుంది. మీరు ఆ మాట అనలేదని నాకు తెలుసు. బాధలో ఉన్నవాళ్ళు మనం అన్నదానికంటే ఒక మెట్టు కిందిది వింటారు.

ఇంకో సంగతి. మగవాళ్ళకు తోచదు, మనకు తోచాలి. బిడ్డ బతికినా బతకకపోయినా తల్లికి రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. రొమ్ములు గట్టిపడి, జాకెట్ తడిసిపోయి, ఆ పాలు ఎవరికివ్వాలో తెలియని స్థితిలో ఆమె ఇంటికొచ్చి ఉంటుంది. బాలింతే, ఒళ్ళో బిడ్డ లేదంతే. బిడ్డ ఉంటే పత్యం వండేవాళ్ళు, నడికట్టు కట్టేవాళ్ళు, స్నానం చేయించేవాళ్ళు పదిమంది వచ్చేవారు. బిడ్డ లేని బాలింతకు ఎవరూ రారు. మూడు వారాలకే ఆ ఒంటితో మందిరానికి నడిచొచ్చి వెనక బెంచీలో కూర్చుందంటే, ఆమె విశ్వాసానికి ఏం తక్కువైందమ్మా? ఆ రోజు ఆ గదిలో అందరికంటే కష్టపడి వచ్చింది తనే. ఆమె పేరే మనవుల జాబితాలో వినబడింది.

"నేను చెప్పింది దేవుని మాటే కదా" అన్నారు. బైబిల్లో బిడ్డల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చెప్పినవాటిలో కూడా చాలా వరకు దేవుని మాటల్లాంటివే. ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట ఎంత బాగా వచ్చారో గుర్తుందిగా. దూరం నుంచి అతన్ని చూసి పోల్చుకోలేక ఏడ్చారు, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేలమీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్కమాట కూడా మాట్లాడలేదు. ఆ వారం రోజులూ వాళ్ళ మీద యోబు ఫిర్యాదు చేయలేదు. నోరు తెరిచాకే చెడింది. "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు" అనిపించుకున్నారు. వాళ్ళు అబద్ధాలు చెప్పాలనుకోలేదు. స్నేహితుడికి ఇలా ఎందుకైందో తెలియకపోవడం వాళ్ళు భరించలేకపోయారు. అందుకే ఏదో ఒక కారణం చెప్పేయాలని తొందరపడ్డారు. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడ్డప్పుడు మీకూ అదే అయిందని నా అనుమానం. మీ ఏడుపు మీకు వస్తోంది. అది రాకుండా వాక్యం అడ్డం పెట్టారు. తనను ఏడవకమన్నారు, మీరూ ఏడవలేదు.

ఇక్కడ చిన్న పక్కమాట. పాత తెలుగు బైబిల్లో, తొలి సంఘంలో ఉన్న బర్నబా అనే ఆయన పేరుకి "హెచ్చరిక పుత్రుడు" అని అర్థం రాశారు. హెబ్రీ పత్రికలో కూడా సమాజముగా కూడుట మానక "ఒకనినొకడు హెచ్చరించుచు" ఉండమని ఉంటుంది. అక్కడ హెచ్చరిక అంటే ధైర్యం చెప్పి నిలబెట్టడం. ఇప్పుడు మనకు హెచ్చరిక అంటే వేలు చూపించి జాగ్రత్త చెప్పడం. మాట అర్థం మారిపోయింది సరే, మన సంఘాల్లో పని కూడా దాంతోపాటే మారిపోయిందేమోనని నాకప్పుడప్పుడు అనిపిస్తుంది. బర్నబా చేసినవి చూస్తే పొలం అమ్మి డబ్బు తెచ్చి ఇచ్చాడు. సంఘాన్ని హింసించి, మారి, తర్వాత పౌలుగా పేరొచ్చిన సౌలును చూసి అందరూ భయపడుతుంటే తనే వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళాడు. పౌలు వద్దన్న మార్కును తన వెంట కుప్రకు తీసుకెళ్ళాడు.

మా ఆయన పోయినప్పుడు ఆదరణ కూడిక ఘనంగా చేశారు. షామియానా, రెండొందల కుర్చీలు, నలుగురు పాస్టర్లు. ఎవరేం మాట్లాడారో ఒక్కటి కూడా గుర్తులేదు నాకు. గుర్తున్నది మా సంఘంలో పెద్దావిడ, ఇళ్ళకు వెళ్ళి వాక్యం చెప్పే బైబిల్ స్త్రీగా చేసి మానేసింది. నెలరోజుల పాటు సాయంత్రం నాలుగింటికి వచ్చేది. వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలో గోరుచిక్కుళ్ళో ఏవుంటే అవి ఒలిచేది. ఒకరోజు తలెత్తకుండానే అడిగింది, "ఆయన టీలో పంచదార ఎన్ని చెంచాలేసుకునేవారమ్మా?" అని. మూడు, అన్నాను. షుగరొస్తుందని నేను తిట్టేదాన్నని కూడా చెప్పాను. ఆ రోజు ఏడ్చినంత సమాధి దగ్గర కూడా ఏడవలేదు. ఆవిడ కాయలు ఒలవడం ఆపలేదు.

మీ చెల్లిని ఆ బిడ్డ గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా? ఎవరి పోలికొచ్చింది, జుట్టెలా ఉంది, ఏ పేరనుకున్నారు? మీ ఉత్తరంలో బిడ్డను ఎక్కడ పెట్టారన్నది కూడా లేదు. మామూలుగా జరిగేది నాకు తెలుసు. తల్లి ఇంకా వార్డులోనే ఉంటుంది. తండ్రీ ఇద్దరు సంఘ పెద్దలూ సాయంత్రం పూట సమాధుల తోటలో ఓ మూల పెట్టేసి వస్తారు. ఎనభై ఏళ్ళ పెద్దాయన పోతే కరపత్రం వేసి భోజనాలు పెట్టి ఆదరణ కూడిక చేసే సంఘం, ఆ బిడ్డ పేరు మీద ఒక కీర్తన కూడా పాడి ఉండదు. ఊరి దృష్టిలో ఆ బిడ్డ పుట్టనే లేదు. తల్లికి మాత్రం పుట్టింది.

ఇక ఏం చేయాలంటారా. రేపటి నుంచి ఆ వాక్యాల ఫొటోలు ఆపేయండి. పొద్దున్నే ఆరింటికి పువ్వుల మధ్య అచ్చువేసిన వాగ్దానం అందరికీ పంపేదే తనకూ వస్తోందని ఆమెకు తెలుసు. తర్వాత ఒక సాయంత్రం ఒక్కరే వెళ్ళండి. పాస్టరమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్ళకండి, బైబిల్ సంచి వద్దు. క్యారేజీలో ఒక పూట భోజనం తీసుకెళ్ళండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత మొదట చేసింది తట్టి లేపి రొట్టె పెట్టడం. తిని పడుకున్నాడు, పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ చేరాక.

లోపలికి రానిస్తే, కూర్చుని క్షమించమని అడగండి. "నీ మనసు నొచ్చుకుని ఉంటే" అని మొదలుపెడితే అది క్షమాపణ కాదు. ఇలా చెప్పొచ్చు: "ఆ రోజు ఆస్పత్రిలో నేను అనకూడని మాట అన్నాను. నలుగురిలో నీ పేరెత్తి ప్రార్థన చేయించాను, నిన్నడక్కుండా. నాకు బిడ్డ గుర్తొస్తూనే ఉంది, నాకే ఏం మాట్లాడాలో తెలీక వాక్యం చెప్పాను." అంతే, ఆపండి. ఆమె తిట్టొచ్చు, దేవుణ్ణి కూడా నాలుగు మాటలు అనొచ్చు. కీర్తనల గ్రంథంలో అంతకంటే పెద్ద మాటలున్నాయి, సర్దిచెప్పకండి. తలుపు తీయకపోతే క్యారేజీ అరుగు మీద పెట్టేసి వచ్చేయండి, వచ్చేవారం గిన్నెల కోసం వెళ్ళొచ్చు. యోబు కథ చివర దేవుడు ఆ ముగ్గురి మీద కోపపడి, యోబు దగ్గరికి వెళ్ళండి, అతను మీ కోసం ప్రార్థన చేస్తాడు అంటాడు. ఆదరించడానికి వచ్చి నొప్పించినవాళ్ళు, నొచ్చుకున్నవాడి ప్రార్థన కోసం అతని ఇంటికే వెళ్ళాల్సి వచ్చింది. యోబు చేశాడు కూడా. కాబట్టి దారి మూసుకుపోలేదు.

వెళ్ళినప్పుడు ఒక్క విషయం కనిపెట్టి చూడండి. నిద్ర బొత్తిగా లేకపోవడం, స్నానం చేయకపోవడం, తిండి మానేయడం, వీటిలో ఏవైనా రెండు వారాలు దాటి ఉంటే అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు, వైద్యం కావాల్సింది. "నేనుండి ఏం లాభం" అన్నా, చచ్చిపోవాలని ఉందన్నా వారాలు లెక్కపెట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వాళ్ళు ఉచితంగా, తెలుగులోనే, ఏ వేళప్పుడైనా మాట్లాడతారు. ఆమె భర్తను కూడా పలకరించండి. బిడ్డను చేతుల్లో మోసుకెళ్ళింది బహుశా అతనే. మీ ధైర్యం చెప్పేవాళ్ళెవరికీ అతను గుర్తొచ్చి ఉండడు.

తిరిగి సంఘంలోకి ఎలా తీసుకురావాలన్నారు. ఆ ప్రశ్న కొన్నాళ్ళు పక్కన పెట్టమని నా సలహా. మీరు కార్యదర్శి హోదాలో హాజరు కోసం వస్తున్నారని అనుమానం వస్తే ఆమె మళ్ళీ తలుపేసుకుంటుంది. మీరు ఆమె వంటింట్లో కూర్చుంటే సంఘం అక్కడికి వెళ్ళినట్టే. ఆ బుధవారం కూడిక సంగతి మాత్రం మీ చేతిలో ఉంది. ఎవరి ఇంటి బాధైనా వాళ్ళనడిగి, ఒప్పుకుంటేనే పేరు చెప్పాలని మీ సమాజంలో పెట్టించండి. ప్రార్థన మనవి పేరుతో ఊళ్ళో ఎన్ని సంసారాల గుట్టు ఇల్లిల్లూ తిరుగుతోందో మీకు నాకంటే బాగా తెలుసు.

నవంబరు 2న మీ ఊళ్ళో సమాధుల పండుగ చేస్తారా? చేస్తే, అప్పటికి మీ మధ్య మాటలు కలిసి ఉంటే, "పాప దగ్గరికి వెళ్దామా" అని ఒకసారి అడగండి. మూలన ఏ గుర్తూ లేని చోటుకి కూడా సున్నం వేయొచ్చు, కొవ్వొత్తి పెట్టొచ్చు. వద్దంటే వదిలేయండి.

జుబ్బాలు పారేయకండి, ఇంకొకరి బిడ్డకు ఇచ్చేయకండి. అడక్కుండా తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టడం కూడా వద్దు. బిడ్డ గురించి తనంతట తాను ఒక్కమాట అన్న రోజున, "నేను నాలుగు జుబ్బాలు కుట్టాను, నా దగ్గరే ఉన్నాయి" అని చెప్పండి చాలు. ఇమ్మంటుందో, నీ దగ్గరే ఉంచక్కా అంటుందో, ఒకటి ఇచ్చి మూడు ఉంచుకోమంటుందో ఆమె ఇష్టం. ఏ రంగు గుడ్డతో కుట్టారో నాకు రాయలేదు మీరు. తను మాత్రం అడుగుతుంది.